మిగతాది రేపు

టేపు ముక్క చించి, డబ్బా మూత మీద అంటించి, పెన్నుతో "సోమవారం మధ్యాహ్నం" అని రాసింది ఆమె. తర్వాత "సోమవారం రాత్రి". అలా వారానికి సరిపడా పద్నాలుగు డబ్బాలు. ల్యాబ్‌లో పొద్దస్తమానం జనం చేతులకు సూదులు గుచ్చి రక్తం తీసి వచ్చాక, రెండు సాయంత్రాలు నడుం వంగిపోయేలా నిలబడి చేసిన వంట అది. ఇక అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. కుక్కర్లో నీళ్ళు ఎన్ని పొయ్యాలో గోడకి కాగితం కూడా అంటించింది. మొగుడు ఆ కాగితం వంక చూసి, "నాకు స్టవ్ వెలిగించడం కూడా రాదని నీకు తెలుసుగా? ఇదేం చేసుకోను?" అన్నాడు. తెలుసు. పెళ్ళయిన పదిహేనేళ్ళుగా ఆ మాట వింటూనే ఉంది.

ఇంతకీ ఆమె వెళ్తున్నది ఏ సముద్రాల అవతలికో కాదు. ఊరి బయట ఒక బడిలో, సెలవుల్లో ఆడవాళ్ళ కోసం పెట్టే గ్రంథ పఠనానికి. వారం రోజులు. ఐదేళ్ళుగా అడుగుతోంది. "వెళ్ళొద్దన్నానా? మేం ఎలా బతకాలో చెప్పి వెళ్ళు" అనేవాడు. వద్దనకుండానే ఆపెయ్యడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. అత్తగారైతే ఫోన్లో, "దేవుడు ఇంట్లో లేడా, అక్కడికే పోయి చదవాలా?" అంది. దేవుడు ఇంట్లో ఉన్నాడో లేడో గానీ, కాసేపు కూర్చునే తీరిక మాత్రం ఆ ఇంట్లో ఆమెకు లేదు.

నిజం చెప్పాలంటే ఆమె వెళ్ళింది దేవుడి కోసం కూడా కాదు. అమ్మ కోసం. తొమ్మిదేళ్ళ కిందట అమ్మ మంచం పట్టింది. మహా అయితే వారం అన్నాడు డాక్టరు. నాలుగేళ్ళ కొడుకుని మొగుడికి అప్పజెప్పి ఆమె పరుగెత్తింది. రెండో రోజు మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని, ఆ గ్రంథంలోనే అమ్మకి ఇష్టమైన అధ్యాయం చదివి వినిపిస్తోంది. అమ్మకి మాట పెగలడమే కష్టంగా ఉంది, అయినా పెదవులు కదుపుతూనే ఉంది. అప్పుడు ఫోన్ మోగింది. "పొద్దుట్నించీ వాడేం తినలేదు. నాకు పాలు కాచడం కూడా రాదాయె. పసివాణ్ణి పస్తు పెడతావా?" అన్నాడు మొగుడు. ఆమె పుస్తకం మూసింది. అమ్మ కళ్ళు తెరిచి, "మిగతాది రేపు చదువుదువులే" అంది. "అలాగే అమ్మా" అంది ఆమె, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

ఆ రేపంతా అమ్మ గుమ్మం వైపే చూసిందట. "అది ఇంకా రాలేదే? మిగతాది చదువుతానందిగా?" అని రెండుసార్లు అడిగిందట. ఆ మాట వదిన చెప్పింది, ఆ రాత్రే అమ్మ పోయాక. ఆ తర్వాత ఆమె ఆ పుస్తకం తెరవలేదు.

బడిలో వాళ్ళకిచ్చింది తరగతి గది. గోడల నిండా పిల్లల ఎక్కాలు, కింద చాపలు. మొదటిరోజు భోజనం గంట కొట్టగానే ఆమె కాళ్ళు వాటంతటవే వంటగదిలోకి నడిచాయి. గరిటె అందుకోబోతే వంటావిడ లాగేసుకుంది. "నువ్వెళ్ళి కూర్చోమ్మా తల్లీ! నువ్వొచ్చింది చదువుకోడానికి, వడ్డించడానిక్కాదు" అంది. పొగలు కక్కే పళ్ళెం ఎవరో తెచ్చి తన ముందు పెడితే ఆమెకు ముద్ద దిగలేదు. ఏడుపొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

ఐదోరోజు ఆ అధ్యాయం వచ్చింది. వంతులవారీగా చదవాలి. ఆమె చదివింది, చదివింది, అమ్మ దగ్గర ఆపేసిన వాక్యం దాకా వచ్చేసరికి పుస్తకం మూసేసింది. పక్కావిడ అందుకుని పూర్తి చేసింది గానీ, ఒక్క ముక్కా ఆమె చెవికెక్కలేదు. తర్వాత పాఠం చెప్పే పెద్దావిడ పక్కకి పిలిచి అడిగితే అంతా కక్కేసింది. "పాలు కాచడం కూడా రాని మనిషండీ. పిల్లాడు పస్తుంటాడని వచ్చేశాను."

పెద్దావిడ, "చేతకాని మనిషి చేతుల్లో పసివాణ్ణి ఎలా వదిలేస్తావమ్మా? మీ అమ్మే అయినా అదే చేసేది" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె రెండు రాత్రులు హాయిగా నిద్రపోయింది. తొమ్మిదేళ్ళలో అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంది. కొడుకు ఎదురొచ్చి, "అమ్మా, నాన్న బంగాళాదుంపల వేపుడు చేశాడు, అదిరిపోయింది తెలుసా! నీకన్నా బాగా!" అన్నాడు. ఆమె ఫ్రిజ్ తెరిచింది. పద్నాలుగు డబ్బాలూ అలాగే ఉన్నాయి. ఒక్క టేపు ముక్క కూడా చెదరలేదు.

"వేడివేడిగా చేసుకుంటుంటే ఆ చద్దికూడు ఎవడు తింటాడు?" అన్నాడు మొగుడు, మీసం మెలేస్తున్నంత గర్వంగా. "పెళ్ళికి ముందు గదిలో నలుగురం ఉండేవాళ్ళం. నాలుగేళ్ళు వంట నాదే. ఇదేమన్నా బ్రహ్మవిద్యా? నువ్వు లేవని ఏ లోటూ రాలేదులే."

"పాలు కాచడం కూడా వచ్చా?"

"పాలు కాచడం కూడా ఒక పనేనా?" అని నవ్వాడు.

"మరి ఆ రోజు?"

"ఏ రోజు?"

"మా అమ్మ పోయేముందు."

ఆయన నవ్వు ఆగింది. గుర్తు తెచ్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. అదే ఆమె ప్రాణం తీసింది. "అప్పుడంటే... నువ్వు లేకపోతే విసుగ్గా ఉండి ఏదో అనుంటాను. అయినా నేను రమ్మన్నానా? నువ్వే వచ్చేశావు."

అవును. తనే వచ్చేసింది. పని రాని మనిషి కోసం కాదు, వచ్చీ చేయని మనిషి కోసం. పెద్దావిడ ఇచ్చిన ఆ ఒక్క ఓదార్పూ ఫ్రిజ్ ముందే పోయింది.

ఆమె ఫ్రిజ్ తలుపు వేసి, సంచీలోంచి పుస్తకం తీసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆగిపోయిన వాక్యం కింద వేలు పెట్టింది.

"ఆకలేస్తోందమ్మా" అన్నాడు కొడుకు.

"ఇప్పుడు పుస్తకమేంటి? లేచి వడ్డించు" అన్నాడు మొగుడు.

ఆమె తలెత్తలేదు. "మీరు వడ్డించుకోండి. నేను మిగతాది చదవాలి" అంది. "అమ్మ ఎదురుచూస్తోంది."