సొంత కాళ్ళ మీద నిలబడ్డ ఊరు

"చేతులు సరిగ్గా కడుక్కున్నావా?" అన్నాడు ఓరెస్ట్, నేను పిండి ముద్దను చేతిలోకి తీసుకోగానే.

కడుక్కున్నాను. నిమ్మచెక్కతో రుద్దుకున్నాను కూడా. అయినా క్లోరిన్ వాసన పోలేదు. పొద్దున్నే పంప్‌హౌస్‌కి వెళ్ళి మందు డ్రమ్ము మార్చి వచ్చిన చేతులవి. గోళ్ళ మూలల్లో, పెళ్ళి ఉంగరం కింద ఆ వాసన కాపురం పెట్టేసింది. ఆదివారం చర్చిలో పక్కవాళ్ళు ముక్కు ఎగబీల్చినప్పుడల్లా చేతులు కోటు జేబుల్లోకి దోపుకుంటాను. ఊరంతా తాగే నీళ్ళు శుభ్రం చేసిన చేతులు, వాటిని నేను దొంగసొత్తులా దాచుకుంటాను.

"సాయంత్రం రాజధాని రెజీనా నుంచి ప్రభుత్వ ఆఫీసరమ్మ వస్తోంది మార్లిస్. పెరోగీలు కాస్త ఎక్కువే చెయ్యి. ఆవిడ వెనక్కి వెళ్ళేసరికి, ఈ ఊరికి ఇంకా దమ్ముందని తెలియాలి" అన్నాడు బూట్లు తొడుక్కుంటూ. ఆ దమ్ము కజ్జికాయల్లాంటి ఆ పెరోగీల్లో ఆలుగడ్డ కూరి, వెన్నలో ఉల్లిపాయలు వేయించి నేను వండిపెట్టాలన్నమాట.

మా ఓల్‌స్టన్ చిన్న ఊరే గాని, సొంత కౌన్సిలూ సొంత మేయరూ ఉన్న ఊరు. కెనడాలోని మా సస్కాచెవాన్ రాష్ట్రంలో ఇలాంటి ఊళ్ళు ఒక్కొక్కటే హోదా వదిలేసి, చుట్టూ ఉన్న రూరల్ మునిసిపాలిటీలో కలిసిపోతున్నాయి. మా స్కూలు మూతపడింది. ధాన్యం నిలవచేసే ఎలివేటరు గోదాము పడగొట్టారు. రైలు పట్టాలు పీక్కుపోయారు. మిగిలింది ఆ హోదా ఒక్కటే. దాన్ని ఉంచుకోవాలా, వదులుకోవాలా అని ఊరి అభిప్రాయం తెలుసుకోవడానికే ఆ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో సమావేశం. మేయరు నా మొగుడు. అంతకుముందు వాళ్ళ నాన్న. ఈ ఇంట్లో మేయరు పదవి, ముందు గదిలోని గోడగడియారంలాగే, తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది.

పెళ్ళైన కొత్తలో మా అత్తగారు, మేమంతా ఉక్రెయిన్ వాడుకలో బాబా, అంటే నానమ్మ, అని పిలిచే ఆవిడ, నాకు ఏప్రన్ కట్టి, "మేయరు పెళ్ళామంటే ఇంటికి కోడలు కాదే పిల్లా, ఊరికి కోడలు" అంది. అది దీవెన అనుకున్నాను. మురిసిపోయాను కూడా. అత్తగారు ఒక్కరైతే ఎలాగో నెగ్గుకు రావచ్చు, ఊరంతా అత్తగారైతే ఏమవుతుందో అప్పుడు తెలియలేదు.

ఊరి ఆఫీసు ఫోను మా వంటింట్లోనే మోగుతుంది. ఎవరి కుక్క ఎవరి కోళ్ళను పట్టినా, ఎవరి వాకిట్లో మంచు తియ్యకపోయినా, గరిటె పక్కనపెట్టి నేనే సమాధానం చెప్పాలి. శ్మశానంలో గడ్డి కొట్టేది నేను. హాలు వెచ్చబడేందుకు ఫర్నేసు వెలిగించేది నేను. నీళ్ళ ఆపరేటరుగా పని చేసిన ముసలి నిక్ చనిపోయినప్పుడు, జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకునే తాహతు ఊరికి లేదన్నారు. "ఓ మందు డ్రమ్ముకి గొట్టం తగిలించడానికి చదువెందుకు?" అని ఓరెస్ట్ నవ్వుతుండగానే, నేను సస్కటూన్ వెళ్ళి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను. ఆ సర్టిఫికెట్ ఉన్న మనిషి లేకపోతే ప్రభుత్వం కుళాయిలు నడవనివ్వదు. ఊళ్ళో అది ఉన్నది నాకొక్కదానికే. ఈ పనులన్నిటికీ కలిపి వాళ్ళు పెట్టిన పేరు స్వచ్ఛంద సేవ. నా ఇష్టం ఏమిటని ఎవరూ అడగకుండానే అది స్వచ్ఛందం అయిపోయింది.

ఒక ఫిబ్రవరిలో పెద్ద పైపు గడ్డకట్టి పగిలింది. గుంటలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుని వాల్వు తిప్పింది నేను. జిల్లా పేపరులో ఫోటో ఓరెస్ట్‌ది. "మా ఊరు సొంత కాళ్ళ మీద నిలబడ్డ ఊరు" అని కింద అతని మాట. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలాగ. ఆ కాళ్ళు ఎవరివి అని అడగాలనిపించింది గాని, మంచు కొరికిన నా కాలి వేళ్ళకు గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుంటూ ఊరుకున్నాను. మరునాడు ఆ పేపరు ముక్కను కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది కూడా నేనే. ఎందుకు అంటించానో ఇప్పటికీ నాకు సిగ్గే.

అన్నిటికంటే పెద్ద సిగ్గు ఇంకొకటుంది. మా అమ్మాయి తమారాకి సస్కటూన్‌లో పురుడు వచ్చినప్పుడు పక్కనుండాలని వెళ్ళాను. మనవరాలిని ఒళ్ళోకి తీసుకున్నానో లేదో, ఓరెస్ట్ ఫోను. "రేపు పొద్దున నీళ్ళు ఎవరు పరీక్ష చేస్తారు? ముసలాళ్ళు తాగే నీళ్ళు మార్లిస్. నీకు మనసెలా ఒప్పుతోంది?" ఆ సాయంత్రమే బయల్దేరి వచ్చేశాను. పచ్చి బాలింతరాలు, దిండు మీద నుంచి తలైనా తిప్పకుండా, "వెళ్ళమ్మా. నాకంటే నీకు ఆ పైపులే ఎక్కువ" అంది. దారి పొడుగునా మంచు, నా ముక్కు, కళ్ళు ఒకటే కారడం. ఇంటికొచ్చాక ఓరెస్ట్ అడిగిన మొదటి మాట, "తిండికేమైనా ఉందా?"

అందుకే, ఎవరికీ చెప్పలేదు గాని, ఈ ఊరి హోదా పోవాలని నాకు కోరిక పుట్టింది. రూరల్ మునిసిపాలిటీలో కలిస్తే వాళ్ళ జీతగాడు వచ్చి నీళ్ళు చూసుకుంటాడు, ఫోను వాళ్ళ ఆఫీసులో మోగుతుంది. ఊరు ఎక్కడికీ పోదు, ఇళ్ళూ మనుషులూ అలాగే ఉంటారు. కానీ అలా నాకు నేను సర్దిచెప్పుకున్నా, లోపల ఏదో పాపం చేస్తున్నట్టే ఉండేది. అత్తగారు కడదాకా కాచుకున్న దీపం ఎప్పుడు ఆరుతుందా అని ఎదురుచూసే కోడలిని అయిపోయానని బాధపడేదాన్ని. పెరోగీల అంచులు నొక్కుతూ, పోనీ పోనీ అని లోపల అనుకుంటూ, పైకి ఓరెస్ట్ వైపు చూసి నవ్వాను.

హాలు నిండింది. మగవాళ్ళు, పిల్లలు, ఇద్దరు ముగ్గురు రిటైరైన టీచరమ్మలు కుర్చీల్లో. మిగతా ఆడవాళ్ళం వంటింట్లో. ఎప్పుడూ అంతే. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో వడ్డించే కిటికీ ఒకటుంటుంది. లోపల కాఫీ తయారవగానే ఒకరు ఆ కిటికీ దగ్గర నిలబడి చెయ్యెత్తుతారు, బయట అధ్యక్షుడు మాట ఆపి విరామం అంటాడు. మా ఊళ్ళో పెళ్ళైనా దినమైనా మీటింగైనా అదే పద్ధతి.

ఓరెస్ట్ చాలాసేపు మాట్లాడాడు. వాళ్ళ తాత గడ్డిమట్టితో కట్టిన ఇంటి సంగతి, నాన్న తవ్వించిన బావి సంగతి. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆఫీసరమ్మ నదీన్, చిన్న పిల్లే, ఓపిగ్గా విన్నది. తర్వాత ఓరెస్ట్, "హోదా ఉండాలన్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. అడవిలా లేచాయి చేతులు. "వదులుకుందాం అన్నవాళ్ళు?" అన్నాడు, ఆ మాట నాలుక మీద చేదుగా ఉన్నట్టు. వెనక వరసలో ఇద్దరు సగం సగం ఎత్తారు.

నేను కిటికీ దగ్గరే ఉన్నాను. కాఫీ ఇంకా దిగలేదు, కెటిల్ గుడగుడ వినబడుతూనే ఉంది. నా చెయ్యి లేచింది. నేనెత్తానని చెప్పలేను, దానంతటదే లేచింది, పూర్తిగా, తల పైకి.

ఓరెస్ట్ చూశాడు. ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, అతని కళ్ళు నాకు తెలుసు. అర్థమైంది అతనికి. కెటిల్ చప్పుడు అతనికీ వినబడుతోంది. ఒక్క క్షణం మొహం నల్లబడింది, వెంటనే పళ్ళన్నీ బయటపెట్టి, "అదిగో, మా ఆవిడ కాఫీకి పిలుస్తోంది! పదండి, చల్లారిపోతే మళ్ళీ నాకే చీవాట్లు!" అన్నాడు. హాలంతా గొల్లుమంది. కుర్చీలు జరిగాయి. జనం లేచి నా మీదికే వచ్చారు, కప్పులు చాచుకుంటూ.

నేనేం చేశానంటే, సగం మరిగిన కాఫీనే దించి పోశాను. అంతే. నా ఓటు వేసిన చేత్తోనే పోశాను. పాలా, చక్కెరా, అని అడిగాను. "మేయరుగారి పెరోగీలు అమృతం" అన్నాడు కౌన్సిలర్ ముర్రే, నేను పళ్ళెం అందించాను. పక్కన కప్పులు తుడుస్తున్న ముసలి ఎల్వా నా చెవి దగ్గరకు వంగి, "అమ్మాయ్, ఇందాక నువ్వు చెయ్యెత్తింది కాఫీకి కాదు కదూ?" అంది.

"కాఫీకే" అన్నాను.

ఆ అబద్ధంతో చెవుల దాకా మంట పుట్టింది. అతను నా నోరు నొక్కేశాడు సరే, నొక్కేసినదానికి సంతకం చేసింది నేనే. ఎల్వా నా చేతిలోంచి కెటిల్ తీసుకుంది.

అందరూ మళ్ళీ కూర్చున్నాక నదీన్ లేచింది. "మీ ఊరి అభిప్రాయం స్పష్టంగానే ఉంది. అయితే హోదా ఉంచుకోవాలంటే రోజువారీ పనులకు బాధ్యులెవరో నేను రెజీనాలో చెప్పాలి. నీళ్ళు, ఆఫీసు, హాలు, శ్మశానం. ఎవరు చూసుకుంటున్నారు?"

"ఆ బెంగ మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు ఓరెస్ట్ దర్జాగా.

"మేం అంటే ఎవరండీ?"

ఓరెస్ట్ కౌన్సిలర్ల వైపు చూశాడు. ముందు ముర్రే తల తిరిగింది. తర్వాత అతని పక్కనున్నవాళ్ళ తలలు. చివరికి హాలంతా వెనక్కి తిరిగి వంటింటి కిటికీ వైపు, నా వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆ పనులన్నీ నా ఒక్కదాని మీదే పడ్డాయని ఎవరికీ తెలియదనుకున్నాను. తెలియకే ఒక్కరూ ఒక్క మాటా అనలేదని, పాపం వాళ్ళ తప్పేముందని అనుకున్నాను. అందరికీ తెలుసు. టీచరమ్మలకు, నీళ్ళు తాగే ముసలాళ్ళకు, అందరికీ. "మా మార్లిస్ ఉందిగా!" అన్నాడు ముర్రే. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది.

అంత సిగ్గు నేనెప్పుడూ ఎరగను. తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదేమో. ఆ చప్పట్ల మధ్య, నేను లొంగిపోయిన ప్రతి రోజూ బట్టలిప్పి నిలబెట్టినట్టు బయటపడిపోయింది. చూసినవాళ్ళు మాత్రం ముచ్చటపడుతున్నారు. ఓరెస్ట్ కూడా కొడుతున్నాడు, అందరికంటే గట్టిగా.

తమారా గుర్తొచ్చింది. దిండు మీద తిప్పని ఆ తల గుర్తొచ్చింది.

ఏప్రన్ ముడి విప్పాను. ఎల్వా దాన్ని అందుకుని తన భుజాన వేసుకుంది. పక్క తలుపు తీసుకుని హాల్లోకి వచ్చాను. చప్పట్లు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. ముందు వరసలో ఆఫీసరమ్మ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చున్నాను. నా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను, వాసనేస్తే వేసింది.

"ఏం మార్లిస్, ఏమైనా కావాలా?" అన్నాడు ఓరెస్ట్.

"ఏం లేదు" అన్నాను. "రేపటి నుంచి ఎవరు చూసుకుంటారో నేనూ విందామని వచ్చాను. చెప్పు."