తడిసి వచ్చిన చిలక

బందరు కోనేరు సెంటరు పక్క సందులో కంప్యూటర్ షాపు తెరిచిన నాడు శ్రీకృష్ణ చేతిలో ఉన్నవి తొమ్మిది వేల రూపాయలు. పాత కంప్యూటరుకీ, గది అడ్వాన్సుకీ పోగా మిగిలినదాంతో స్క్రూడ్రైవర్లూ, అరడజను తువ్వాళ్ళూ కొన్నాడు.

తువ్వాళ్ళు ఎందుకంటే, అతని మానిటర్ తడిసేది. ఊళ్ళో అందరివీ విండోస్ కంప్యూటర్లు, అతనిది ఆ వైరస్‌లు అంటని వేరే రకం, లైనక్స్. వైరస్ పట్టి ఎవరి విండోస్ అయినా లేవడం మానేస్తే, ఆ డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకి తగిలించి, అందులోని ఫైళ్ళను ఇవతల నుంచే తెరిచేవాడు. అలా వచ్చిన ఫైలు ఏదైనా తడిగానే వచ్చేది. అక్షరాలు అద్దం మీద చెమర్చేవి, ఫొటోల రంగులు బొట్లు కట్టేవి. దివిసీమ నుంచి పడవలో ఏరు దాటి వచ్చిన బస్తా అడుగున తడిస్తే ఎవరైనా వింతపడతారా? ఇదీ అంతే. టీ తెచ్చే గంగాధరరావు గ్లాసు పెడుతూ, "అవతల నుంచి ఏమైనా దిగాయా అబ్బాయ్? తుడిచెయ్యనా?" అని అడిగి మరీ వెళ్ళేవాడు.

శ్రావణమాసంలో ఒక పొద్దున పెడన బస్సు దిగి పాపాయమ్మ వచ్చింది. ఆవిడకి అక్కడ కలంకారీ అద్దకం షెడ్డు ఉంది. కంప్యూటర్ డబ్బాని చంటిపిల్లలా పాతచీరలో చుట్టి ఎత్తుకొచ్చింది. వెనకాలే అచ్చులు చెక్కే శోభనాద్రి.

"మా చిలక ఇందులో ఉండిపోయింది నాయనా" అంది.

ఆ షెడ్డు పేరు నిలబెట్టింది చీర అంచులోని చిలక. జామపండు పొడుస్తుంటుంది. పండూ తీగా ఒక అచ్చు, చిలక ఇంకో అచ్చు. చిలక అచ్చుని చెదలు తినేశాయి. పాత చీర మీద చిలకని ఎప్పుడో స్కాన్ చేయించి కంప్యూటర్లో పెట్టించింది, ఇప్పుడా కంప్యూటర్ లేవడం లేదు. చీర చిరిగి పీలికలైంది. బెజవాడ కొట్టువాళ్ళు ఆ అంచే కావాలన్నారు. అది లేకపోతే దసరా నాటికి షెడ్డు మూసెయ్యాలి, పనివాళ్ళు కృత్తివెన్ను రొయ్యల చెరువులకి పోవాలి.

"స్కాన్ చేసినప్పటి ప్రింటు కాయితం ఒకటి ఉండాలే" అన్నాడు శ్రీకృష్ణ.

"ఉండేది. ఈ మహానుభావుడు ఉంచాడా?"

శోభనాద్రి బుర్ర గోక్కున్నాడు. "పలచ కాయితమైతే తిరగేసి చెక్కకి అంటిస్తాం బాబూ, గీతలు వెనక్కి కనపడతాయి. అది అట్టలా ఉంది, తిరగేస్తే తెల్లగా ఉంది. తొందరలో ఉన్నదున్నట్టే అంటించి చెక్కేశాను."

"అద్దితే పండు ముక్కుకి బదులు తోకకి అందింది" అంది పాపాయమ్మ. "తోకతో తినే చిలకని ఈయనే పుట్టించాడు. కోపంకొద్దీ ఆ అచ్చుని పొయ్యిలో పెట్టేశాను. కాయితం కాస్తా అప్పటికే ఉలి కింద తునకలైంది."

"ఇంకెన్నాళ్ళంటావక్కా ఆ మాట?"

"చిలక దొరికేదాకా."

శ్రీకృష్ణ డిస్కు తగిలించాడు. "ఇటు నుంచి చూడటమే అమ్మగారూ. అందులో ఒక్క గీత కూడా మార్చడానికి కుదరదు."

"మారకూడదనేగా వచ్చింది!"

ఫైలు తెరుచుకుంది. పచ్చటి చిలక అద్దం మీద నీళ్ళోడుతూ నిలబడింది. అలవాటు కొద్దీ శ్రీకృష్ణ తువ్వాలు ఎత్తాడు. శోభనాద్రి ఆ చెయ్యి పట్టుకుని ఆపి, భుజం మీది పలచటి పంచె తీసి, ముడత లేకుండా అద్దానికి పరిచి, అరచేత్తో నెమ్మదిగా అద్దాడు.

పంచె మీదకి చిలక దిగింది. అద్దంలో కుడివైపు చూసేది గుడ్డ మీద ఎడమవైపు చూస్తోంది.

"తిరగబడిందండీ" అన్నాడు శ్రీకృష్ణ నొచ్చుకుంటూ. "ఎప్పుడూ ఇంతే. ఉండండి, ఇవతల నకలు తీసి సరిచేస్తాను."

"సరిచేశావంటే మళ్ళీ తోకతోనే తింటుంది!" శోభనాద్రి గట్టిగా నవ్వేశాడు. "చెక్క మీద ఇలా ఉంటేనే చీర మీద అలా పడుతుంది. దీన్నే చెక్కకి అతికించేస్తా."

పాపాయమ్మ కళ్ళొత్తుకుని, తడి అద్దాన్ని ఒకసారి వేలితో తాకి, వేలు కళ్ళకద్దుకుంది.

వినాయకచవితి వెళ్ళాక ఆవిడ మళ్ళీ వచ్చింది. కొత్త అచ్చుతో అద్దిన మొదటి జానెడు అంచుని శ్రీకృష్ణ చేతిలో పెట్టింది. చిలక ముక్కు సరిగ్గా జామపండు మీద ఉంది. బెజవాడ కొట్టుకి చీరలు వెళ్ళిపోయాయట. షెడ్డులో వాళ్ళెవరూ ఊరు కదలక్కర్లేదు.

"నీ చల్లని చెయ్యి నాయనా" అంది.

"నాదేముందమ్మా, అవతలి వాళ్ళు దాచి ఉంచారు. నేను తలుపు తీశానంతే."

"అయితే మా ఊళ్ళోనూ తియ్యి. షెడ్డుకొకటి చొప్పున లేవని కంప్యూటర్లున్నాయి. ఎవరి నెమళ్ళు, ఎవరి హంసలు అందులో ఉండిపోయాయో! మా షెడ్డు ముందుగది నీదే అనుకో."

శ్రీకృష్ణ లోపల లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు, సగంలో ఆపేశాడు. తనని ఒక ఊరు పిలుస్తోంది, దానికి లెక్కేమిటి? ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టి, మానిటర్‌ని బొంతలో చుట్టి, భుజానికెత్తుకుని, కంప్యూటర్ డబ్బాని ఆవిడ చేతికిచ్చి రోడ్డు మీదకొచ్చాడు. మలుపులో పెడన బస్సు కనిపించింది. చెయ్యెత్తాడు.