ఇస్త్రీ చేసిన నారింజలు

రండి, రండి, ఇలా దగ్గరగా జరగండి. ఆ మూల గుసగుసలు ఆపండమ్మా. నోట్లో ఏదైనా నములుతుంటే ముందే మింగేయండి, నవ్వొచ్చి పొలమారితే నా పూచీ లేదు. నేను చెప్పేదంతా అక్షరాలా నిజం. ఎక్కడైనా కాస్త అటూ ఇటూ అయితే ఆ తప్పు నిజానిదే, నాది కాదు.

మా వీధిలో ఇస్త్రీ బాబాయి ఉండేవాడు. ఆయన ప్యాంటుకి మడత పెడితే, ఆ అంచుతో ఉల్లిపాయలు తరిగేవాళ్ళంటే నమ్మండి. ఆయనకో అక్క ఉండేది. వీధి మొత్తానికీ ఆవిడ దండలత్త. పండగ వస్తుందంటే చాలు, నారింజలూ ఆపిల్ పళ్ళూ పల్చగా చక్రాల్లా కోసి, గుడ్డతో తడి ఒత్తేసి, డాబా మీద ఎండబెట్టేది. తర్వాత మధ్యమధ్య దాల్చినచెక్క ముక్కలు పెట్టి దారానికి గుచ్చేది. ఎండ పడితే ఆ నారింజ చక్రాలు కిటికీలో రంగు అద్దాల్లా మెరిసేవి. ప్లాస్టిక్ పూలు ఆ ఇంటి గడప తొక్కి ఎరగవు.

అదంతా ఆవిడ ముక్కు మహిమ. చక్రాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది అయింది, దీనికి ఇంకో పూట కావాలి" అని తేల్చేసేది. తొందరపడి గుచ్చితే బూజు పడుతుంది, ఎక్కువ ఎండితే నల్లబడుతుంది మరి.

ఆ ఏడు ఆవిడకి పెద్ద జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ ఆవిడకి తెలిసే వాసనని కూడా చంకన పెట్టుకుని పోయింది. మల్లెపూవైనా, మాడిన అన్నమైనా ఆవిడకి ఒక్కటే.

"ఈసారి దండ లేదురా," అంది తమ్ముడితో. "కుళ్ళిందో ఎండిందో తెలియని దాన్ని, నాకెందుకు ఆ పని? బజారులో దొరికేదేదో తెచ్చి తగిలించుకో." సూదుల డబ్బా అటకెక్కించి, గోడవైపు తిరిగి పడుకుంది.

బాబాయికి ముద్ద దిగలేదు. దండ పోతే పోయింది. ఈ పండక్కి అక్క ఆ సూది పట్టకపోతే ఇక ఎప్పటికీ పట్టదని ఆయన భయం. చక్రాలు ఎండబెట్టి చేతికిస్తే గుచ్చకుండా ఉండగలదా అనుకుని, తనే కత్తి పట్టాడు. ఒక చక్రం ఉల్లిపొరలా వస్తే ఇంకోటి పీటలా వచ్చింది. తీరా ఎండబెడదామంటే మబ్బు పట్టింది. ఎంత మబ్బంటే, మిట్టమధ్యాహ్నం కోళ్ళు గూట్లోకెళ్ళి పడుకున్నాయి.

బాబాయి బుర్ర గోక్కున్నాడు. "తడి చొక్కా ఆరకపోతే పెట్టె పెట్టి రుద్దుతాం. పండేమన్నా దిగొచ్చిందా?" అని, ఇస్త్రీ బల్ల మీద చక్రాలు పరిచి, పైన పాత పంచె కప్పి, పెట్టె ఆనించాడు. చుయ్‌మంది. అలవాటు కొద్దీ ఆపిల్ చక్రాలకి మధ్యలో మడత కూడా పెట్టాడు!

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. పిండిన రసమంతా బల్ల మీది దుప్పటి తాగేసింది. అది చూసుకోకుండా, అదే దుప్పటి మీద వీధి వీధంతటి పండగ బట్టలూ ఇస్త్రీ చేసి, ఇంటింటికీ పంచేశాడు.

మర్నాడు ఎండ కాసింది. జనం కొత్త మడతలతో బయటికొచ్చారు. ఎక్కడున్నాయో ఏమో, తేనెటీగలు కూడా వచ్చాయి. కండక్టరు బస్సెక్కితే ఆయన వెనకే ఒక గుంపు ఎక్కింది, జనం కిటికీల్లోంచి దిగిపోయారు. పంతులమ్మ కొంగు పట్టుకుని వచ్చిన ఈగలు మొదటి బెంచీలో కూర్చున్నాయి, ఆ బడి పుట్టాక పిల్లలు నోరు మూసుకున్నది ఆ రోజే. తాపీమేస్త్రీ చంకలో ఏకంగా తేనెపట్టు పెట్టడం మొదలెట్టాయి. పాపం ఆయన చెయ్యెత్తుకునే నడిచాడు, ఎదురొచ్చిన వాళ్ళంతా పలకరిస్తున్నాడనుకుని తిరిగి చెయ్యూపారు.

అందరూ కలిసి బాబాయి ఇంటి మీద పడ్డారు.

"ఏం బాబాయ్, బట్టలకి గంజి పెట్టమంటే పానకం పెట్టావా?" అని కండక్టరు అరిచాడు.

"ముందు నా చెయ్యి దించే దారి చెప్పవయ్యా!" అన్నాడు మేస్త్రీ.

బాబాయి బల్ల కింద దూరాడు. ఆ గోలకి అత్త లేచొచ్చింది. బల్ల మీదున్న చక్రం ఒకటి తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి, విసుక్కుంది.

"ఒరేయ్ మొద్దూ! పైన మాడ్చావు, లోపల పచ్చిగానే ఉంది. ఇవి గుచ్చితే రేపటికి బూజేగా!"

బల్ల కింద నుంచి బాబాయి తల బయటపెట్టాడు. "నీకు వాసన రాదుగా అక్కా? ఎలా తెలిసింది?"

అత్త తన వేళ్ళకేసి చూసుకుంది. కళ్ళు మూసుకుని ఇంకో చక్రం అందుకుంది. "అంచు ఎండింది, నడుమ జిగురుంది." ఇంకోటి. "ఇది అయింది." గట్టిగా విరిచింది, టక్కుమంది.

పంతులమ్మ ఈగల్ని తోలుకుంటూనే మరో చక్రం అందించింది. "ఇది చెప్పండత్తయ్యా."

"దీనికి ఇంకో పూట కావాలమ్మా," అంది అత్త. "ఇన్నేళ్ళూ పేరంతా ముక్కు కొట్టేసింది. ఈ వేళ్ళు పక్కనే కూర్చుని, చప్పుడు చెయ్యకుండా నేర్చేసుకున్నాయి చూడు!" కొంగుతో కళ్ళొత్తుకుని తమ్ముడి మీద గయ్‌మంది. "ఏంట్రా చూస్తావు, సూదుల డబ్బా దించు! ఆ దుప్పటి తీసుకెళ్ళి ఉతుకు!"

మిగిలిన చక్రాలు డాబా ఎక్కాయి, కొన్ని పెనం మీద సన్న సెగకి చేరాయి. పూటపూటకీ అత్త నొక్కి చూసి, అయినవి అయినట్టే గుచ్చింది. మడత పెట్టిన ఆపిల్ ముక్కలు దారానికి ఎక్కితే అచ్చం సీతాకోకచిలుకల్లా ఉన్నాయి. దండ గుమ్మానికి కట్టగానే ఈగలన్నీ కాలర్లొదిలి దాని చుట్టూ చేరి, జుమ్ముమని పాట అందుకున్నాయి. మేస్త్రీ హమ్మయ్య అని చెయ్యి దించాడు.

ఇదంతా సైకిలాపి చూస్తున్న పాలాయన మేస్త్రీ దగ్గరికొచ్చి, ఆ చొక్కా పట్టి చూసి, చాలాసేపు ఆలోచించి అడిగాడు:

"అన్నా, దీన్ని పెరట్లో పాతిపెట్టి నీళ్ళు పోస్తే, కాసే చొక్కాలు పొట్టి చేతులవా, పొడుగు చేతులవా?"