బొట్టు పెట్టిన రియాక్టరు

కోయంబత్తూరు కాలేజీ ల్యాబులో రియాక్టరంటే అరచేతంత స్టీలు గిన్నె. పైన గాజు మూత, మధ్యలో రబ్బరు వాషరు, లోపల పరిశోధన విద్యార్థిని ఆనంది చేసిన పసుపుపచ్చ పొడి. నీటి ఆవిరితో కలిపి కార్బన్ డయాక్సైడు పంపి, పైనుంచి లైటు వేస్తే ఆ వాయువు మెథనాలుగా మారాలి. తిరుప్పూరు అద్దకం మిల్లుల బాయిలరు పొగని ఇంధనం చేసేయాలన్నది ఆశ. మూడేళ్లు గడిచినా చుక్క రాలేదు.

ఆయుధపూజ తర్వాత వచ్చింది.

ఆ పూజకి గైడు బాలసుందరం సారే గాజు మూత తుడిచి, అంచున చందనం, కుంకుమ పెట్టారు. అక్కడ లారీకీ, కుట్టుమిషనుకీ పెట్టినట్టే. పెడితే తప్పేం లేదు. కానీ మరుసటి వారం మెథనాలు కనబడేసరికి ఆయనకి పూనకం వచ్చినంత పనైంది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఒక్కరే ల్యాబు తలుపేసుకుని, పాత బొట్టు తుడిచి కొత్తది పెట్టేవారు.

"కార్బన్ డయాక్సైడు లేకుండా ఒకసారి నడిపి చూద్దాం సార్, అప్పుడు రాకూడదు గదా," అని ఆనంది ఎన్నిసార్లు అడిగిందో!

"వచ్చేదాన్ని ఎందుకు కెలకతావు కన్నూ? సుమ్మా ఉండు," అనేవారు. ఇద్దరివీ తెలుగిళ్లే. ఎవరూ లేనప్పుడు తమిళం కలిసిన ఇంటి మాటే.

పరిశోధన పత్రికకి పేపరు వెళ్లింది. ముందు ఆయన పేరు, వెనక ఆమెది. అది అచ్చయితేనే ఆమెకి డాక్టరేటు. పత్రికవాళ్లు సరిగ్గా ఆమె అడిగిన పరీక్షే అడిగారు. ఆనందికి ఒళ్లు మండింది. పక్కనున్న మనిషి చెబితే చెవికెక్కదు, ముక్కూమొహం తెలియనివాడు అడిగితే మాత్రం చెయ్యాలి!

కార్బన్ డయాక్సైడు ఆపి, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు పంపింది. మెథనాలు వచ్చింది. లైటు ఆర్పింది. అప్పుడూ వచ్చింది. పొడి తీసేసి ఉత్త గిన్నె బిగించింది. దరిద్రం, అప్పుడూ వచ్చింది.

శుక్రవారం సారు తలుపేయబోతుంటే ఆనంది కదల్లేదు. ఆయన విసుక్కుంటూనే షెల్ఫులో గాజు తుడిచేందుకు ఉంచిన సీసా వంచి, జేబురుమాలు తడిపి, బొట్టు తుడవసాగారు. సీసా మీద మెథనాలు అని రాసి ఉంది. తడి అంచు దాటి రబ్బరు వాషరులోకి ఇంకింది.

"నిలపండి సార్! దాన్నే మనం కొలస్తా ఉండాం."

"ఏంది?"

"రబ్బరు దీన్ని తాగి, వారమంతా లోపలికి వదల్తా ఉండాది. నా పొడి ఏమీ చెయ్యలేదు సార్."

సారు రుమాలు వాసన చూశారు. కోపం ఆమె మీదికే తిరిగింది. "ఇన్నాళ్లూ చూస్తానే ఉండావు గదా, ముందే చెప్పేదానికేమి?"

"మీరు తలుపేసుకోని చేస్తిరి! నన్ను రానిస్తిరా?"

గొంతు పగిలేలా అరిచింది. ఏడుపూ వచ్చింది. ఆయన కిటికీ వైపు తిరిగి, నెమ్మదిగా అన్నారు.

"పత్రికకి తప్పని రాసి పంపించు కన్నూ. నా పేరు తీసేయి. రిటైరయ్యే కాలంలో నాకీ అవమానం వద్దు."

ఆయన వెళ్లిపోయారు. ఆనంది కంప్యూటరు ముందు కూర్చుని మొదటి పేరు చెరిపేసింది. తన పేరు ముందు రావాలని మూడేళ్లుగా ఎంత ఉబలాటపడిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు వచ్చింది. దాని కిందే, ఈ ఫలితం తప్పని టైపు చేసింది.