వేలు తీసినా ఆగని రంపం

నేను ఒక పెట్రోలు రంపాన్ని. మా ఉద్దానంలో నా గొంతు ఎరగని కొబ్బరిచెట్టు లేదు. పలాసలో నేను ఒక్కసారి గొంతు సవరించుకుంటే, తేలినీలాపురం చింతచెట్ల మీద కాపురం పెట్టిన సైబీరియా కొంగలు ఇంకా నెల గడువుండగానే పిల్లల్ని వెంటేసుకుని ప్రయాణం కట్టాయని చెప్పుకుంటారు. ఎవరు చెప్పుకుంటారని అడక్కండి, నేనే. ఇంకో సంగతి కూడా వినండి. తాడు లాగి నన్ను లేపారంటే, పని మధ్యలో ఆగిపోయిన చరిత్ర నాకు లేదు.

ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోండి. దానితో తర్వాత పనుంది.

నేను పుట్టింది మంచు కురిసే దేశంలో. అక్కడి ఫ్యాక్టరీలో నాకు ఇనుప పళ్ళు అమర్చి, నారింజరంగు చొక్కా తొడిగి, అట్టపెట్టెలో పడుకోబెట్టి, పక్కన ఒక పుస్తకం పెట్టారు. నన్నెలా చూసుకోవాలో ఎన్నో భాషల్లో రాసిన పుస్తకం. అందులో తెలుగు లేదు. నేను తెలుగువాళ్ళ చేతికే వెళ్తానని అప్పుడే తెలిసిపోయింది.

భీమిలిలో సముద్రం కనిపించేలా మేడ కట్టుకున్న ఒక పెద్దమనిషి నన్ను కొన్నాడు. మొదటిరోజు నల్లకళ్ళద్దాలూ చేతితొడుగులూ వేసుకుని, ఫోటో తీయించుకుని, ఒక మామిడికొమ్మ కోశాడు. నా అరుపుకి ఆయన చేతులు సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి. కాఫీ గ్లాసు భార్య పట్టుకుంటే తాగాడు. తర్వాత నన్ను అటకెక్కించి, వచ్చినవాళ్ళకల్లా ఫోటో చూపించేవాడు. కొందరికి పనిముట్టు పనికంటే ఫోటోకే బాగా పనికొస్తుంది.

అటక మీంచి నన్ను దించి తెచ్చుకున్నవాడు లోకనాథం. పలాస చుట్టుపక్కల పల్లెల్లో చెట్లు కొట్టడం అతని బతుకుతెరువు. గొడ్డలితో మొదలుపెట్టి నా దాకా వచ్చాడు. రెండిళ్ళ మధ్య ఇరుక్కున్న చెట్టునైనా పెంకు కదలకుండా, తాను చూపించిన చోటే పడుకోబెట్టేవాడు. 'లోకనాథం సెయ్యి' అంటే ఆ పల్లెల్లో ఒక ధైర్యం. ఆ చేతిలో ఉన్నన్నాళ్ళూ నాకూ పరువుండేది.

నాకు జబ్బు చేస్తే కాశీబుగ్గలో కూర్మారావు షాపుకి తెచ్చేవాడు. కలుపు కోసే మిషన్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, ఏదో గెస్టుహౌసు నుంచి వచ్చి మళ్ళీ వెనక్కి పోని పచ్చికకోత మిషను, అందరం అక్కడ వరసగా పడుకుని మూలుగుతూ ఉండేవాళ్ళం. కూర్మారావు మా ప్లగ్గు విప్పి, వైద్యుడు నాలుక చూసినట్టు దాని కొన చూసి, వాసన కూడా చూసేవాడు. నల్లగా ఉంటే 'తిండెక్కువైంది' అనేవాడు, తెల్లగా ఉంటే 'పస్తుంటన్నాది' అనేవాడు. మంచి పనివాడే. అయితే తన వల్ల పొరపాటు జరుగుతుందని మాత్రం అతనికి ఎన్నడూ తోచదు. ఏ మిషను తిరిగొచ్చినా తప్పు పెట్రోలుదే.

భక్తి కూడా ఎక్కువే. దసరా ఆయుధపూజకి షాపులో ఉన్న రోగులందరికీ నూనె మరకలు తుడిచి, గిన్నెడు పసుపు కలిపి ఒంటినిండా రాసేవాడు. అందరూ రాసేది పైపైనే. ఈయనకి మాత్రం ఒక సొంత సిద్ధాంతం ఉండేది. మిషను ఊపిరి పీల్చేచోట పసుపు పెడితే దాని ఊపిరి గట్టిపడుతుందని. ఆ ఏడు నేను నా పళ్ళున్న గొలుసు పదును కోసం వచ్చి అక్కడే ఉన్నాను. నా ఫిల్టరు మూత విప్పి, వేలితో ఇంత పసుపు ముద్ద తీసి, గాలీ పెట్రోలూ కలిసే కార్బురేటరు గొంతులోకంటా పూశాడు. కళ్ళు మూసుకుని దణ్ణం కూడా పెట్టాడు. గొంతులో పసుపుతో ఎవరైనా ఎలా ఉంటారో నేనూ అలాగే ఉన్నాను. దగ్గాలనిపించింది గానీ పండగ కదా అని ఊరుకున్నాను.

ఆ పసుపు ఆరీఆరకముందే తుపాను వచ్చింది.

తెల్లారేసరికి ఉద్దానం పడుకుని ఉంది. కొబ్బరితోటలు, జీడితోటలు అన్నీ ఒకే వైపుకి తలపెట్టి పడుకున్నాయి. దారులన్నీ చెట్లే. లోకనాథం కోసం పల్లెలన్నీ మనుషుల్ని పంపాయి. అప్పుడండీ, నా గొప్ప బయటపడింది. మీట నొక్కినంతసేపు బ్రహ్మాండంగా కోసేవాణ్ణి. మీట మీంచి వేలు తీయగానే టక్కున చచ్చిపోయేవాణ్ణి. మామూలుగా అయితే వేలు తీసినప్పుడు ఇంజిను సన్నగా గురకపెడుతూ ఉండాలి, గొలుసు మాత్రం కదలకూడదు. నాకేమో గురకపెట్టే సన్న బెజ్జంలో పసుపు ఎండి కూర్చుంది. కోతకోతకీ ఆగేవాణ్ణి, మళ్ళీ తాడు లాగేవాడు. నేను ఆగని గంట లేదు. పైన నేను చెప్పిన చరిత్రను ఇక్కడితో కొట్టేయండి.

ఓపిక చచ్చి లోకనాథం షాపుకి పరిగెత్తాడు.

"ఏలు తీత్తే ఆగిపోతంది, బావా."

కూర్మారావు చుట్టూ అప్పటికే జాతరలా జనం ఉన్నారు. విప్పి చూడ్డానికి తీరికెక్కడిది? తుపానుకి బంకులో నీళ్ళు కలిసుంటాయని పెట్రోలుని రెండు తిట్లు తిట్టి, నా ఒంటి పక్కనున్న చిన్న మరమేకును స్క్రూడ్రైవరుతో బిగించేశాడు. దాంతో నా గొంతు ఎప్పుడూ కాస్త తెరిచే ఉంటుంది. వేలు తీసినా ఇంజిను చావదు. చావలేదు కూడా. అయితే వేలు తీసినా గొలుసు నెమ్మదిగా పాకుతూనే ఉంది, నిద్రలో పళ్ళు నూరేవాడిలాగ.

కూర్మారావు అది చూశాడు. నేను అతన్ని చూస్తూనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఒక్క క్షణం అతని చూపు గొలుసు మీద ఆగింది. వెనకాల ఎవరో తొందరపెట్టారు. నన్ను లోకనాథం చేతిలో పెట్టేశాడు.

మేం నేరుగా వెళ్ళింది సముద్రం వైపు పల్లెలో ఉన్న గున్నమ్మ అనే పెద్దావిడ తోటకి. గున్నమ్మకి కొబ్బరిచెట్లన్నీ పోయాయి. ఒక్క పనసచెట్టు మాత్రం పక్కకి ఒరిగి, సగం వేళ్ళు గాలిలో, సగం మట్టిలో పెట్టుకుని ఉంది. చెట్టు బరువు తగ్గేలా కొమ్మలు తీసేసి, విరిగిన వేళ్ళు నున్నగా కోసి, తాళ్ళతో నిలబెట్టి ఆసరాలు కడితే అది బతుకుతుంది. లోకనాథం అలా ఎన్నింటినో నిలబెట్టాడు. వచ్చే వేసవి నుంచి గున్నమ్మ ఏం తిని ఉండాలన్నా, ఏం అమ్ముకోవాలన్నా ఇక ఆ పనసచెట్టే.

కొమ్మలు తీశాం. విరిగిన వేరు ఒకటి కోశాం. దాని పక్కనే తొడంత లావున మట్టిలోకి దిగిన వేరు ఉంది. చెట్టుకి పాలు ఇస్తున్నది అదే. లోకనాథం అలవాటు ప్రకారం మీట వదిలేసి, నన్ను కిందికి దించుతూ, గున్నమ్మ వైపు తిరిగి తాళ్ళు తెప్పించమని చెబుతున్నాడు. పాకుతున్న నా పళ్ళు ఆ వేరుకి తగిలాయి. తగలగానే పట్టేశాయి. నేను చేతిలోంచి ఎగిరిపడబోతే అతను గట్టిగా పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోవడమంటే మీట నొక్కడమే. ఇక నేను ఊరుకుంటానా? వేరు తెగుతున్నప్పుడు సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు నేను విన్నాను.

గున్నమ్మ తెగిన వేరు మీద మట్టి కప్పి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోకనాథం తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే లోకనాథం నన్ను కూర్మారావు బల్ల మీద పెట్టాడు. చెయ్యి జారిందన్నాడు. వయసు మీద పడినట్టుంది, ఇంక చెట్టు జోలికి పోనన్నాడు. నన్ను ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. కూర్మారావు "ఊఁ" అన్నాడు తప్ప తలెత్తలేదు.

లోకనాథం వెళ్ళాక నన్ను విప్పాడు. ప్లగ్గు బాగుంది. పెట్రోలు వాసన చూశాడు, నీళ్ళు లేవు. పాపం, ఇంకోసారి చూశాడు, నీళ్ళుంటే బాగుండునని. అప్పుడు కార్బురేటరు గొంతులో దీపం పెట్టి చూసి, సన్న తీగతో గీరాడు. తీగ కొనకి పసుపు పెచ్చు ఊడి వచ్చింది. దాన్ని అరచేతిలో వేసుకున్నాడు. ఊదేస్తే ఎగిరిపోయేంత పెచ్చు. ఊదేస్తాడేమోనని నేను చూశాను. పెదవులు దగ్గరకి కూడా తెచ్చాడు.

ఊదలేదు. పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు నన్ను భుజాన వేసుకుని గున్నమ్మ తోటకి బయల్దేరాడు. దారంతా ఏవో మాటలు అల్లుకుంటూ, చెరిపేసుకుంటూ నడిచాడు. వాటిలో ఎక్కువ భాగం పెట్రోలు మీదే.

అక్కడ లోకనాథం, ఊళ్ళో మరికొందరూ చెట్టుకి తాళ్ళు కడుతున్నారు. ఆశ ఉండి కాదు, ఊరికే వదిలేయలేక. కూర్మారావు పొట్లం విప్పి లోకనాథానికి చూపించాడు. పసుపు తానే పూశానన్నాడు, మర తానే బిగించానన్నాడు. పెట్రోలు మాట నోటిదాకా వచ్చి ఆగింది.

లోకనాథం ఆ పెచ్చు వైపు చూడలేదు.

"ఏలు తీసినా గొలుసు తిరగడం ఆయేల నీకు కనబడినాదా, బావా?"

"కనబడినాది."

లోకనాథం మళ్ళీ తన చేతిని చూసుకున్నాడు. "అయితే నా సెయ్యి కాదన్నమాట," అన్నాడు, చేతితోనే చెబుతున్నట్టు. తర్వాత వెనక్కి తిరిగి తాడు ముడి బిగించుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా కూర్మారావుని బావా అని పిలవలేదు.

గున్నమ్మ ముందుకు వచ్చి ఆ పెచ్చుని గోటితో కదిపి చూసింది.

"మిషను గొంతుకి పసుపు రాసినావు బాగున్నాది. మరి మెళ్ళో పుస్తె కట్టడం మరిసిపోనావేటి, కూర్మా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కూర్మారావు మాత్రం నవ్వలేదు. తప్పయిపోయింది సిన్నమ్మా, అన్నాడు. నువ్వు ఏ శిక్ష వేసినా సరేనన్నాడు.

"శిచ్చలు ఎయ్యడానికి నానేటి కోర్టునా? ఏరు తెంచినోడే ఆ ఏరు పక్కన నిలబడాల. తాడు అందుకో."

తెగిన వేరు వైపున, అందరికంటే బరువు పడే చోట, కూర్మారావు తాడు భుజానికి చుట్టుకుని నిలబడ్డాడు. చెట్టు లేచింది. నిటారుగా కాదు, మోచెయ్యి ఆనించి లేచే ముసలాడిలాగ. వేరు లేని వైపు మూడు ఆసరాలు పాతారు. అది బతికింది. ఇప్పటికీ ఆ ఆసరాల మీద ఒరిగే ఉంటుంది. కాయలన్నీ ఒక పక్కనే కాస్తుంది. తొలి పండు కోసినప్పుడు గున్నమ్మ కూర్మారావు ఇంటికి తొనలు పంపింది. అతను తినలేకపోయాడు. ఇంటిల్లిపాదీ తింటుంటే గింజలు ఏరుతూ కూర్చున్నాడు.

లోకనాథం నన్ను మళ్ళీ పట్టాడు. పిస్టను అరిగిపోయేదాకా కలిసే తిరిగాం. ఇప్పుడు కూర్మారావు షాపు గోడకి మేకుకి వేలాడుతున్నాను. దసరాకి మిగతా మిషన్లకి పిడి మీద ఒక్క కుంకుమబొట్టు, అంతే. గిన్నెడు పసుపూ నాకే రాస్తాడు, ఒళ్ళంతా. ఫిల్టరు మూత మాత్రం బిగించి, బిగిసిందో లేదో మూడుసార్లు లాగి చూసి మరీ రాస్తాడు. ఊపిరి ఆగిపోయిన నాకు ఇంక ఏ పసుపూ అడ్డం పడదని అతనికి తెలుసు. అయినా లాగి చూస్తాడు.

దణ్ణం పెట్టేటప్పుడు ఇప్పుడు కళ్ళు మూసుకోడు. నా పళ్ళు పాకుతున్నాయేమోనని చూస్తూ ఉంటాడు. నేనూ అతన్నే చూస్తూ ఉంటాను. తప్పులో సగం మర తిప్పినవాడిదైతే సగం పళ్ళున్నవాడిది. ఆ లెక్క మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.

పోయేముందు ఒక మాట. ఇంత చెప్పాను కదా, ఇందులో ఒకటి కల్పించాను. కొంగల సంగతి అనుకుంటున్నారు. కాదు, అది అక్షరాలా నిజం. వేరు ఏడ్చిందనీ, ఆ ఏడుపు విన్నాననీ చెప్పాను చూడండి, అది అబద్ధం. నేను అరుస్తున్నప్పుడు నా అరుపు తప్ప నాకేమీ వినిపించదు. విని ఉంటే ఆగేవాణ్ణి. ఆగడం నాకెంత బాగా వచ్చో మీకు తెలుసు కదా.