మంచి సీసా

తొమ్మిదింటికి ఇవ్వాల్సిన మూత్రం సీసా పన్నెండు దాటినా సంధ్య చేతిసంచిలోనే ఉంది. టెక్కలిలోని ఆ పిల్లల ఆసుపత్రిలో కూర్చోవడానికి చోటు లేదు. ఐదేళ్ల చందన ఎడమ డొక్క పట్టుకుని తల్లి కాళ్లకు ఆనుకుని నిలబడింది. నోరు ఎండిపోతున్నా నీళ్లు తాగదు. తాగితే డొక్కలో పోటు వస్తుందని ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

పలాసలో సంధ్యకు జీడిపప్పు పొట్టు తీసినందుకు కిలోకింతని ఇస్తారు. ఈ వారంలో ఆమె పని మానుకున్న రోజు ఇది మూడోది. మొదటి రోజే స్కాన్ తీసి డాక్టరు వివరంగా చెప్పాడు. ఎడమ కిడ్నీ నుంచి మూత్రం దిగే దారి ఇరుకైంది, కిడ్నీ ఉబ్బింది. ఇది ఈ ఉద్దానం ఊళ్లలో పెద్దవాళ్ల ప్రాణాలు తీసే కిడ్నీ జబ్బు కాదు, ఆపరేషన్‌తో బాగయ్యేది. అయితే వెంటనే చెయ్యాలా, కొన్నాళ్లు ఆగొచ్చా అన్నది స్కాన్‌లో తేలలేదు. కిడ్నీ దెబ్బతింటుంటే మూత్రంలో కొన్ని గుర్తులు పెరుగుతాయట. వాటిని చూసే కొత్త పరీక్షకు మూత్రాన్ని విశాఖ పంపిస్తానన్నాడు.

అత్త దాలమ్మకు అందులో కిడ్నీ అన్న ఒక్క మాటే వినబడింది. ఆ జబ్బుతోనే ఆమె మొగుడు రెండేళ్లు డయాలసిస్‌కి తిరిగి తిరిగి పోయాడు. ఆ పేరు పడ్డ ఇంటికి పిల్లనివ్వరు. అందుకే ఊళ్లోకి పరీక్షల శిబిరం వచ్చినప్పుడల్లా వాళ్ల వీధి మొత్తం అదే వీధిలోని గోవిందు కూతురి చేత సీసాలు నింపించుకునేది. ఆ పిల్ల మూత్రంలో ఎప్పుడూ ఏ దోషమూ తేలలేదు. దానికి మంచి సీసా అని పేరు కూడా పెట్టుకున్నారు. ఎంత తెలివైనవాళ్లో! డాక్టర్లను మోసం చేశామనుకుని తమ మనుషులనే పోగొట్టుకున్నారు.

ఈ పొద్దున కూడా దాలమ్మ గోవిందు ఇంటికే వెళ్లొచ్చింది. చిన్న కొడుకు ప్రదీప్‌కి నందిగాం సంబంధం ఖాయమయ్యేలా ఉంది. చెన్నైలో పనిచేస్తున్న మొగుడు యువరాజుకి సంధ్య ఫోన్ చేస్తే, అమ్మ చెప్పినట్టు చెయ్యమని పెట్టేశాడు. ఇంకెవరికి చెప్పుకుంటుంది?

నర్సు భానుప్రియ చందన పేరు పిలిచింది. సంధ్య సీసా ఇచ్చింది. నర్సు దాని మీద పేరు చీటీ అంటిస్తూ, ఇందులో గుర్తులు పెరగకపోతే మూడు నెలల తర్వాత రావచ్చని చెప్పింది.

మూడు నెలలు. సంధ్య చెయ్యి దానంతటదే వెళ్లి సీసాను పట్టుకుంది.

“సిస్టరమ్మా, ఇది మా పాపది కాదు.”

వెంట వచ్చిన దాలమ్మ ఆమె మోచెయ్యి పట్టి పక్కకు లాగింది. ముసలామె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ.

“నీ మరిది బతుకేటవుద్దో సూసుకున్నావా? ఆ పేరు ఓపాలి పడితే మరి పోద్దా?”

“మావ కూడా ఈ సీసాయే ఇచ్చినాడు కదత్తా. నాను ఇవ్వను.”

దాలమ్మ చెయ్యి వదిలేసింది.

నర్సు తిట్టలేదు. ఖాళీ సీసా ఇచ్చి, పాపకు బాగా నీళ్లు పట్టించమంది. సంధ్య గ్లాసు నిండా నీళ్లు పట్టుకొచ్చింది. చందన పెదాలు బిగించింది.

“నొప్పొత్తాదమ్మా.”

“వత్తాది తల్లీ,” అంది సంధ్య. అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

దాలమ్మ చేతిలో ఫోను మోగుతోంది. నందిగాం వాళ్లు. ఆమె ఎత్తలేదు, ఆపలేదు. చందన రెండు చేతులతో గ్లాసు అందుకుంది.