ముక్కుబావ తలనొప్పి

పొద్దున్నే పెళ్ళాంతో మాటామాటా పెరిగితే తల నొప్పెట్టక ఏం చేస్తుందిలే, అనుకున్నాడతను కంప్రెసర్ ముందు స్టూలు మీద కూర్చుని, మీటరు ముల్లు మాత్రం మొండికేసింది, పైకి పోదు కిందికి రాదు, అచ్చం తనలాగే, ఓడల అడుగున నాచు గీకుతూ ఈదులాడినవాడు ఒక చెవి పాడయ్యేసరికి ఈ అగ్గిపెట్టెంత గదిలో వచ్చి పడ్డాడు, ఇప్పుడు నీళ్లలోకి దిగేది బావమరిది, వాడి సిలిండర్లలో గాలి నింపేది తను, కిటికీ కింద పడవలోంచి వాడు అప్పుడే కేకలు, బావా, అయిందా, ఓడవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు, వస్తోందిరా, కాస్త ఊపిరి పీల్చుకోనీ, అని అరిస్తే ఆ అరుపు తన తలలోనే ఠంగుమంది.

ముల్లు ఎందుకు కదలదు, బెల్టు బిగువుగానే ఉంది, అడుగు వాల్వు తిప్పితే బుస్సుమంటూ తెల్లటి నూనెనీళ్లు డబ్బాలో పడ్డాయి, వడపోతలో బొగ్గు మొన్ననే మార్చాడు, ఇక మిగిలింది గొట్టాల అతుకులు, బ్రష్‌తో సబ్బునీళ్లు పూస్తూ పోతే చిట్టచివరి నట్టు దగ్గర బుడగలు లేచాయి, దొరికావురా దొంగా, మిషను ఆపి, ఒత్తిడంతా వదిలి, నట్టు బిగించి మళ్లీ ఆన్ చేశాడు, ముల్లు బుద్ధిగా పైకి పాకింది, ఆఖరి సిలిండరూ నిండింది, మరి మిషను జబ్బు కుదిరాక కూడా ఈ తల ఎందుకు కుదరదు.

నింపినవాడే ముందు పీల్చి చూడాలి, ఈ షెడ్డులో మామగారి కాలం నుంచీ అదే పద్ధతి, పీల్చాడు, నూనె కంపు లేదు, ఏ కంపూ లేదు, ఉన్నా చెప్పగలడా, పోయిన నెల ఏదో వాసనొస్తోందని నానా యాగీ చేసి పని ఆపించాడు, తీరా చూస్తే కొత్త రబ్బరు గొట్టం వాసన, ఆ పని కాస్తా ఇంకొకళ్లు తన్నుకుపోయారు, ఆ రోజు నుంచీ బావమరిది ముక్కుబావ అని పిలుస్తుంటే రేవంతా పకపకలు, పెళ్ళామైతే పొద్దున మరీనూ, ఇవాళైనా మా తమ్ముణ్ణి దిగనివ్వండి, మీరు దిగలేకపోతున్నారని వాణ్ణీ ఒడ్డున కూర్చోబెడతారా, ఎంత మాటంది, అందులో కాస్తయినా నిజం లేకపోతే అంత మండేదా.

సబ్బుచేతులు కడుక్కోడానికి బయట కుళాయి దగ్గరికి వెళ్తే తల తేలికపడింది, హమ్మయ్య, లోపలికొచ్చి తలుపేసుకున్నాడో లేదో కణతలు మళ్లీ పటపటలాడాయి, ఇదేం విడ్డూరం, పెళ్ళాంతో పడ్డ గొడవ గదిలో ఉండి కుళాయి దగ్గర లేకుండా పోతుందా, అనుకుంటూ కిటికీలోంచి తొంగిచూశాడు, పడవ వెనకభాగం గోడకి ఆనుకుని ఉంది, ఇంజను ఊరికే తిరుగుతోంది, పలచటి పొగ గోడ వెంట పైకి పాకి కిటికీలోంచి గదిలోకి దూరుతోంది, రేవులో రోజూ ఉండే కంపే గనక ముక్కు పట్టించుకోలేదు, కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం మూతి సరిగ్గా దాని మీదే, ఎప్పుడూ ముందుభాగం ఇటు పెట్టి కట్టే పడవ ఇవాళ ఎందుకు తిరిగింది, నిన్న సిలిండరు దించుతూ తను నడుం పట్టుకున్నాడు, రేపు వెనక్కి తిప్పి కడతాలే బావా, అంత దూరం నువ్వు మోయక్కర్లేదు, అన్నాడు వాడు, ఎంత మంచివాడు వెధవ, తన మీద జాలిపడి వాడి చావు వాడే కట్టుకున్నాడు.

వడపోత పొగలో వాసన తినేస్తుంది, విషాన్ని వదిలేస్తుంది, ఒడ్డున తలనొప్పితో పోయేది లోతులో మగతై కళ్లు మూయిస్తుంది, కానీ ఎవరికి చెప్పడం, ఏమని చెప్పడం, సాక్ష్యం తన తలకాయ ఒక్కటే, తలుపు తోసుకుని వాడు రానే వచ్చాడు, సిలిండరు మెడ పట్టుకున్నాడు, ఆగరా, ఈ గాలి బాగోలేదు, మళ్లీ వాసనొచ్చిందా ముక్కుబావా, లేదురా, వాసన లేదు, అదే నా భయం, వాడు నవ్వాడు, వాసనొస్తే వద్దంటావు, రాకపోతే వద్దంటావు, అక్కకి నువ్వే చెప్పుకో, ఓడ సాయంత్రానికి వెళ్లిపోతుంది, ఇక వెళ్లనీ, అన్నాడు, నిజంగానే ఏమీ లేదేమో, లేదని తేలితే ఈ రేవులో తలెత్తుకోగలడా, వాడి చెయ్యి సిలిండరు మీద, తన చెయ్యి వాడి చేతి మీద, వాడి చెయ్యి వెచ్చగా ఉంది, అంతే, ఆ వెచ్చదనం దగ్గర బుర్రలో రొదంతా ఆగిపోయింది, సిలిండరు వాల్వు పూర్తిగా తిప్పేశాడు, గాలి చెవులు చిల్లులుపడేట్టు బయటికి దూకింది, బావా, నీకేమైనా పిచ్చా, అని వాడు అరుస్తున్నాడు, తిట్టనీ, రేపు రేవంతా చెప్పుకుని నవ్వనీ, బతికినన్నాళ్లూ ముక్కుబావ అనే పిలవనీ, పిలవాలంటే ముందు వాడుండాలి కదా.